నాలుగంకెల సంతృప్తి

మొన్నామధ్య మా తెనాలిలో ఒక ఐటీఐ వాళ్లు నన్ను పిలిచి, ఎలక్ట్రానిక్స్ మెకానిక్ కోర్సు పూర్తిచేసి బయటికొస్తున్న పిల్లలకు ఒక గంట నాలుగు మాటలు చెప్పమన్నారు. చెప్పాను. అయితే ఆ గంటలో సగం ప్రిన్సిపాలుగారు నా గురించి చెప్పడానికే సరిపోయింది. ఎన్నేళ్లు సర్వీసు, ఎన్ని కంపెనీల శిక్షణలు, ఏ సంవత్సరం ఏ షీల్డు. మిగిలిన అరగంటలో పిల్లలు అడిగినవి జీతం ఎంతొస్తుంది, సొంతంగా పెట్టుకోవాలంటే ఏం కావాలి అన్నవే. వాళ్ల తప్పేం లేదు. ఆ వయసులో నేనూ అవే అడిగాను. అసలు చెప్పాలనుకున్నది మాత్రం నోట్లోనే ఉండిపోయింది. అది ఇక్కడ రాస్తున్నాను.

నేను వెంకట ప్రసాద్. రేడియోలతో మొదలుపెట్టి వాషింగ్ మిషన్లతో ముగించాను. మధ్యలో తెనాలి, బాపట్ల, రేపల్లె, వాటి చుట్టుపక్కల ఊళ్లలో నేను మెట్లెక్కని మేడలు తక్కువ. అందులో పదమూడేళ్లు ఒక పెద్ద కంపెనీకి అధీకృత సర్వీసు సెంటరు నడిపాను. ఆ కంపెనీ పేరు రాయను. ఎవరినీ దులపడానికి కాదు ఇది. దులపాల్సి వస్తే ముందు నన్ను నేనే దులుపుకోవాలి, ఎందుకో చదివితే తెలుస్తుంది.

రాఘవయ్యగారి అయిదు నిమిషాలు

నా మొదటి యజమాని రాఘవయ్యగారికి తెనాలి బోసు రోడ్డు దగ్గర ఒక సందులో రేడియో రిపేరు షాపు ఉండేది. మనిషి పొట్టి, నోరు పెద్దది. రేడియో ఎవరు తెచ్చినా వెంటనే విప్పనిచ్చేవాడు కాదు. ముందు అయిదు నిమిషాలు వినాలి. విని, పనిచేస్తున్నవన్నీ పుస్తకంలో రాయాలి. చెడినవి కాదు, పనిచేస్తున్నవి.

"చెడిందేంటో తెచ్చినాయనే చెబుతాడ్రా. పనిచేసేదేంటో ఎవడూ చెప్పడు. నువ్వు విప్పి మూసేసరికి అందులో ఒకటి పోతే, అది నీ చేతిలో పోయినట్టే. అందుకని రాయి" అనేవాడు.

నాకు మహా విసుగ్గా ఉండేది. స్క్రూడ్రైవరు పట్టుకోవాలని చెయ్యి దురద పెడుతుంటే పెన్ను ఇస్తాడేంటి ఈయన అనుకునేవాణ్ని. మీడియం వేవు బాగుంది, షార్ట్ వేవు గరగర, ట్యూనింగు లైటు వెలుగుతోంది, చెవిలో పెట్టుకునే జాకు బాగుంది అంటూ రాసేవాణ్ని. ఆ అలవాటు పోలేదు. కంపెనీ ఫోన్‌లో యాప్ ఇచ్చి పుస్తకాలు అవతల పారేయమన్న తర్వాత కూడా, సంచిలో ఒక పొడుగు పుస్తకం పెట్టుకునే తిరిగాను. నా దగ్గర పనిచేసినవాళ్లు నవ్వేవాళ్లు. నవ్వనీ అనుకున్నాను. ఆ పుస్తకమే తర్వాత నా పరువు కాపాడింది.

రేపల్లె మాస్టారు అడిగిన ప్రశ్న

రాఘవయ్యగారి దగ్గరుండగానే నేను చేసిన మొదటి పెద్ద తప్పు రేపల్లెలో ఒక ట్యూషన్ మాస్టారి టేప్ రికార్డరుది. పాట సాగిపోతోంది, మోటారు బలం చాలడం లేదు. రికార్డు చేసే భాగం అరిగిపోయి తిరిగేదానికి అడ్డం తగులుతోందని కనిపెట్టి, దాన్ని ఊడదీసి పక్కన పడేశాను. పాట చక్కగా వచ్చింది. టేప్ రికార్డరు పాటలు వినడానికే కదా, రికార్డు చేసేవాళ్లెవరు అనుకున్నాను. పనిచేసేవి రాసుకున్నప్పుడు ఆ బటన్ నొక్కి చూడనేలేదు.

వారం తిరక్కుండా మాస్టారు షాపుకు వచ్చారు. ఆయన దగ్గరికి వచ్చే పిల్లల్లో ఒకడికి నత్తి. రోజూ వాడి చేత ఒక పేజీ చదివించి, టేపు చేసి, వాడికే వినిపించేవారట. నిన్నటి కన్నా ఇవాళ ఎంత బాగా చదివాడో వాడే వినేవాడట. ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.

"నువ్వు బాగుచేసిందేంటో చెప్పావు బాబూ. తీసేసిందేంటో చెప్పలేదే" అన్నారు.

రాఘవయ్యగారు నన్ను ఆ సాయంత్రమే విజయవాడ బస్సెక్కించారు. ఆ భాగం కొనుక్కొచ్చి బిగించేదాకా ఇంకో పని ముట్టుకోనివ్వలేదు. నేను వాడని సౌకర్యం ఇంకెవరూ వాడరని అనుకోవడం ఎంత పొగరో అప్పుడు తెలిసింది. తెలిసిందనే అనుకున్నాను. ముప్పై ఏళ్ల తర్వాత బాపట్లలో మళ్లీ అదే తప్పు చేశాను, ఇంకా ఘోరంగా.

బాపట్ల మేడ మీద

సీతామహాలక్ష్మిగారు బాపట్ల టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. ఆవిడకు పుట్టుకతోనే చూపు లేదు. పెళ్లి చేసుకోలేదు. సొంత మేడ, కింద వాటా అద్దెకిచ్చి పైన ఒక్కరే ఉంటారు. వంట ఆవిడదే, బజారు ఆవిడదే. మెట్ల మీద నా చెప్పుల చప్పుడు విని, "ప్రసాద్‌గారేనా? ఎడమ చెప్పు అరిగినట్టుందండీ" అనేవారు.

ఆవిడ ఇంట్లో ఉన్నది మా కంపెనీ వాషింగ్ మిషను, మాట్లాడే మోడలు. పైన అంతా నున్నటి అద్దం, చేతికి తగిలే బటన్లు ఉండవు. వేలు తగిలినప్పుడల్లా ఏ రకం ఉతుకు వచ్చిందో తెలుగులో చెబుతుంది. నూలు బట్టలు, వేడి నీళ్లు. పట్టు బట్టలు, చన్నీళ్లు. అలా ఎనిమిది రకాలు. సీతామహాలక్ష్మిగారు కంపెనీ అంటించిన స్టిక్కరు పీకేసి, ఆ అద్దం మీద వేలికి గుర్తుగా స్టిక్కరు బొట్లు పెట్టుకున్నారు. ఆన్ చేసేచోట ఒక బొట్టు, ఉతుకు మార్చేచోట రెండు, మొదలుపెట్టేచోట మూడు. ఎక్కడ నొక్కాలో బొట్టు చెబుతుంది, ఏం నొక్కారో మిషను చెబుతుంది. చూపున్నవాళ్లం మనమే ఆ మిషన్ని అంత బాగా వాడం.

ఒకరోజు నీళ్లు బయటికి పోవడం లేదని ఫోన్ చేశారు. వెళ్లాను. రాఘవయ్యగారి పద్ధతిలో ముందు ఆన్ చేసి విని, పుస్తకంలో రాసుకున్నాను: "తిరగడం బాగుంది. తలుపు లాక్ బాగుంది. మాట: తెలుగు, బాగుంది." తర్వాత నీళ్లు తోసే పంపులో ఇరుక్కున్న పిన్నీసు తీశాను. పావుగంట పని.

అక్కడితో లేచి వచ్చేస్తే సరిపోయేది. కానీ ఆ నెల కంపెనీ నుంచి కొత్త ఆర్డరు వచ్చి ఉంది. ఏ పని మీద వెళ్లినా సరే, ఆ ఇంట్లో మిషనుకు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించి రావాలి. నెట్ లేకపోతే మన ఫోన్ నుంచి ఇవ్వాలి. ఎందుకని మేం అడగలేదు, వాళ్లు చెప్పలేదు. నా ఫోన్ నుంచి నెట్ ఇచ్చాను. మిషను అద్దం మీద ఇంగ్లీషులో పెద్ద కాగితమంత షరతులు వచ్చాయి. కింద "అంగీకరిస్తున్నాను" అనే అర్థం వచ్చే బటన్. నేనే నొక్కేశాను. ఆవిడ అప్పుడు నాకు మజ్జిగ తేవడానికి వంటింట్లోకి వెళ్లారు.

ఈ పనిలో చేరబోయేవాళ్లకు ఇంకో సంగతి చెప్పాలి. మనం పని పూర్తిచేయగానే కస్టమరు ఫోన్‌కు నాలుగంకెలు వస్తాయి. పని నచ్చితే ఆ అంకెలు మనకు చెబుతారు, మనం యాప్‌లో కొడతాం. దాన్ని సంతృప్తి కోడ్ అంటారు. ఆ కోడ్ పడితేనే ఆ ఫిర్యాదు మూసుకుపోతుంది. మన ప్రాంతంలో జనం ఎంత మర్యాదస్తులంటే, ఎండనపడి వచ్చాడు పాపం అని పని చూడకముందే కోడ్ చెప్పేస్తారు. మనమూ అంతే, బ్యాగు సర్దుకుంటూనే "ఆ నాలుగంకెలు చెప్పండమ్మా" అంటాం. నేను వేలసార్లు అన్నాను.

ఆవిడ ఫోన్ మోగింది. "కోడ్ వచ్చిందండీ. ఒక్క నిమిషం, నా ఫోన్ చదివి చెబుతుంది" అన్నారు.

"పర్లేదండీ, నేను చూసుకుంటాలెండి" అని ఆవిడ చేతిలోంచి ఫోన్ తీసుకున్నాను. నాలుగంకెలు నేనే చదివాను, నేనే కొట్టాను. ఫోన్ తిరిగి చేతిలో పెట్టాను. సాయం చేశాననుకున్నాను. మజ్జిగ తాగి, మిషను మళ్లీ ఆన్ చేసి చూడకుండా రేపల్లె బండెక్కాను.

చీర

పది రోజుల తర్వాత మధ్యాహ్నం ఒంటిగంటకు సీతామహాలక్ష్మిగారు మా తెనాలి షాపు గుమ్మంలో నిలబడ్డారు. బాపట్ల నుంచి పాసింజరు బండిలో ఒంటరిగా వచ్చి, స్టేషన్లో ఆటో ఎక్కి వచ్చారు. కర్ర మడిచి, సంచిలోంచి ఒక చీర తీసి కౌంటరు మీద పెట్టారు.

"చెయ్యి పెట్టి చూడండి" అన్నారు.

పేరాలలో నేసిన నూలు చీర. రిటైరైన రోజు ఎక్స్ఛేంజిలో తోటివాళ్లందరూ కలిసి పెట్టిందట. అట్టలా బిగుసుకుపోయి, జానెడు కుంచించుకుపోయింది. అంచు ఎరుపంతా ఒంట్లోకి దిగింది.

"రంగు దిగిందని కింద వాటా అమ్మాయి చెప్పింది. బిగుసుకుపోవడం మాత్రం నాకే తెలిసింది. మీరొచ్చి వెళ్లినప్పట్నుంచి మిషను మాట్లాడటం లేదండీ. నొక్కితే కుయ్ మంటోంది. ఎనిమిదిట్లో ఏది వచ్చిందో నాకెట్లా తెలుస్తుంది? చన్నీళ్లకని లెక్కపెట్టుకుని నొక్కాను. లెక్క తప్పి వేడి నీళ్లు పడ్డాయి."

నేను ఏదో అనబోయాను. కొత్త సాఫ్ట్‌వేర్ అనీ, కనుక్కుంటాననీ. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు.

"చీర సంగతి వదిలేయండి. పోయింది. ఇప్పుడు ఏ బట్ట వేయాలన్నా కింద అమ్మాయిని పైకి పిలవాలి. ఆ పిల్ల మంచిదే, వస్తుంది. కానీ ప్రసాద్‌గారూ, నా లోపలి బట్టలు ఏ నీళ్లలో వేయాలో ఈ వయసులో ఇంకొకరిని పిలిచి చూపించుకోవాలా? పాతికేళ్లప్పుడే ఎవరి మీదా ఆధారపడనని మా అమ్మకు చెప్పాను. ఇన్నేళ్లూ నిలబెట్టుకున్నాను. ఒక్క పూటలో మీరు తీసేశారు."

రేపల్లె మాస్టారి గొంతు వినపడింది నాకు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆవిడకు నా ముఖం కనపడదన్న మాటే గానీ, నా ఊపిరి వినే గ్రహించి ఉంటారు. ఆవిడ చెవి అలాంటిది.

శ్రీధర్

కంపెనీలో నా పైవాడు ఏరియా మేనేజరు శ్రీధర్. వయసులో నాకన్నా చిన్నవాడు, చెడ్డవాడు కాదు. నాకు ఆపరేషనైనప్పుడు రెండుసార్లు ఆస్పత్రికి వచ్చి చూసి వెళ్లినవాడు. ఫోన్ చేసి సంగతి చెప్పాను. పాత సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించడానికి దారి ఇమ్మన్నాను.

"కుదరదు ప్రసాద్‌గారూ. పాత మోడళ్లలో తెలుగు మాట తీసేశారు. కొత్త ఖరీదైన మోడల్లో మాత్రమే ఉంచారు. ఆవిడ్ని అది తీసుకోమనండి, పాతదానికి మంచి ధర వేయిద్దాం."

"ఉన్నదాంట్లో ఉన్నది తీసేసి, అదే మళ్లీ కొనమంటే ఏంటండీ అర్థం?"

"పాలసీ అండీ. మీరూ నేనూ చేసేదేముంది?"

పాలసీ అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మనిషి పేరు చెప్పడం ఇష్టంలేనప్పుడు వాడే మాట అది.

సీతామహాలక్ష్మిగారు జిల్లా వినియోగదారుల కమిషన్లో కేసు వేశారు. లాయరును పెట్టుకోలేదు. అక్కడ మన వాదన మనమే చెప్పుకోవచ్చు. లాయరు లేకుండా కుదురుతుందా అని నేనడిగితే, "ఊరందరి మాటా అవతలివాళ్లకు కలిపిన దాన్నండీ. నా మాట నేను చెప్పుకోలేనా?" అన్నారు.

కంపెనీ జవాబు వేసింది. దాని నకలు ఆవిడ నాకు పంపారు. ఫిర్యాదుదారు స్వయంగా షరతులు చదివి అంగీకరించారు, సాఫ్ట్‌వేర్ ఎక్కించాక పని చూసుకుని సంతృప్తి కోడ్ కూడా చెప్పారు, కాబట్టి ఇప్పుడు ఫిర్యాదు చెల్లదు అని ఉంది. అంగీకరించిన వేలు నాది. కోడ్ చదివిన కళ్లు నావి. నా రెండు తొందరపాటు పనులను పట్టుకుని ఆవిడను అబద్ధాలకోరును చేస్తున్నారు.

జరిగింది జరిగినట్టు కమిషన్‌కు ప్రమాణ పత్రం రాసి ఇస్తానని శ్రీధర్‌కు ముందే చెప్పాను. దొంగచాటుగా చేయడం నాకు చేతకాదు.

"ఇస్తే మీ సర్వీసు సెంటరు ఉండదండీ. నేను ఆపలేను. నన్ను అపార్థం చేసుకోవద్దు."

"చేసుకోనండి. షాపు మీది కంపెనీ బోర్డు నేనే దింపి ఉంచుతాను, మనిషిని పంపి తీసుకెళ్లండి" అన్నాను.

షాపు పైనే ఉన్న ఇంటికి వెళ్లి మా ఆవిడకు చెబితే, "ఆ బోర్డు ఎప్పుడు దిగుతుందా అని చూస్తున్నా. దాని లైటు రాత్రంతా మన పడగ్గదిలోకే" అంది. భయం ఆమెకు లేకపోలేదు, నాకు తెలుసు. అయినా అలా అంది. ఆ ఒక్క మాటకు ఇప్పటికీ ఆమెకు రుణపడి ఉన్నాను.

కొలకలూరు ప్లాస్టిక్ కవరు

కంపెనీ జవాబులో రెండో మాట ఇంకా గట్టిది. మాట్లాడటం అనేది మేం అమ్మిన వస్తువులో భాగం కాదు, ఉచితంగా కొన్నాళ్లు ఇచ్చిన అదనం మాత్రమే అని. ఆవిడ మిషను మీది స్టిక్కరు ఎప్పుడో పీకేశారు. పాత మోడలు షాపుల్లో లేదు. నెట్ ఉన్న ఇళ్లల్లో మాట దానంతటదే పోయింది, మిగతా ఇళ్లల్లో మేమే వెళ్లి తీసేసి వచ్చాం. మిషను మాట్లాడేదని చూపించాలంటే మాట్లాడే మిషను కావాలి కదా, అది ఎక్కడుంది?

నా పుస్తకాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ఆ మోడలు ఎవరెవరింట్లో బిగించానో, ఆ ఆర్డరు వచ్చాక ఒక్కసారి కూడా రిపేరుకు పిలవనివాళ్లు ఎవరో వెతికాను. ఒకే ఒక్క పేరు మిగిలింది. కొలకలూరు అనసూయమ్మగారు. పెద్ద వ్యవసాయం, కోపం ముక్కు మీదుండే మనిషి, నేను పిన్నిగారూ అని పిలుస్తాను.

వెళ్లేసరికి మిషను వసారాలో ఉంది. ఎట్లా దింపానో అట్లాగే ఉంది. ప్లాస్టిక్ కవరు తీయలేదు. గొట్టాలు వెళ్లేచోట బెజ్జాలు, మూత తెరవడానికి ఒక చీలిక మాత్రం కత్తెరతో పెట్టారు. పైన ఒక తువ్వాలు, దాని మీద ఊరగాయ జాడీ.

"వాడటం లేదా పిన్నిగారూ?"

"వాడకేం. దుప్పట్లు వేస్తాం. కవరు తీస్తే కొత్తదనం పోదూ?"

"నెట్ ఇచ్చారా దీనికి?"

"దానికెందుకురా నెట్టు, సినిమాలు చూస్తుందా?"

జాడీ దించి, తువ్వాలు తీశాను. కవరు లోపల, మూత మీద, కంపెనీ స్టిక్కరు చెక్కుచెదరకుండా ఉంది. పెద్ద అక్షరాలతో తెలుగులో: "మీ భాషలో మీతో మాట్లాడే మిషన్." ఆన్ చేశాను. "నమస్కారం. రోజువారీ ఉతుకు" అంది. ఆ వసారాలో నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఒక మిషను నమస్కారం పెడితే ఏడ్చిన మెకానిక్కును నేనొక్కణ్నే అయి ఉంటాను.

ఇది కమిషన్ దాకా తీసుకెళ్లాలి అంటే అనసూయమ్మగారు ససేమిరా అన్నారు. గీత పడుతుందట. కింద పెడితే కాలు వంకరపోతుందట. అప్పుడు సీతామహాలక్ష్మిగారి సంగతంతా చెప్పాను, లోపలి బట్టల మాటతో సహా. అనసూయమ్మగారు ఊరగాయ జాడీ లోపల పెట్టి వచ్చి, "బండి మాట్లాడు. నేనూ వస్తా. కవరు మాత్రం తీయకూడదు" అన్నారు.

నీళ్లు రావడం లేదు

విచారణ రోజు ట్రాలీ ఆటోలో వెనక మిషను, ముందు డ్రైవరు పక్కన పట్టుచీరలో అనసూయమ్మగారు. నేను మిషను పట్టుకుని నిలబడ్డాను. కమిషన్ మెట్ల మీద నలుగురం కలిసి ఎత్తుతుంటే, జిల్లా నలుమూలల నుంచీ వచ్చినవాళ్లు పెళ్లి సామాను చూసినట్టు చూశారు.

ముందు నన్ను పిలిచారు. కంపెనీ లాయరు నిదానస్తుడు, మాటకు మాట తూచి అడిగాడు.

"షరతులకు అంగీకరించే బటన్ ఎవరు నొక్కారు?"

"నేనండి."

"అప్పుడు ఆవిడ అభ్యంతరం చెప్పారా?"

"అడిగితే కదండీ చెప్పడానికి. వంటింట్లో ఉన్నారు."

"సంతృప్తి కోడ్?"

"అదీ నేనే చదివి కొట్టానండి. ఆవిడ తన ఫోన్ చదువుతుందన్నారు. నేను ఆగలేదు. అప్పటికి మిషను మళ్లీ ఆన్ చేసి కూడా చూడలేదండి, నేనైనా ఆవిడైనా."

"కంపెనీ మీద కోపంతో ఈ మాటలు చెబుతున్నారా?"

"కోపమేనండి. ముందు నా మీద."

పుస్తకం చూపించమన్నారు. ఆ తేదీ పేజీ తీసి ఇచ్చాను. కమిషన్ అధ్యక్షురాలు కళ్లజోడు సవరించుకుని, "మాట: తెలుగు, బాగుంది" అని పైకే చదివారు. రాఘవయ్యగారు పోయి చాలా ఏళ్లైంది. ఆ క్షణంలో మాత్రం నా పక్కనే నిలబడి, రాయమన్నానా లేదా అని అంటున్నట్టే అనిపించింది.

లాయరు రెండో మాటకు వచ్చాడు. "మేం అమ్మింది ఉతికే యంత్రం. ఇప్పటికీ ఉతుకుతోంది. మాటలనేవి అదనం."

సీతామహాలక్ష్మిగారు లేచారు. ఎక్స్ఛేంజి గొంతు, ఒక్క అక్షరం జారదు.

"ఉతుకుతోందండి, కాదనను. ఏం ఉతుకుతోందో, ఎట్లా ఉతుకుతోందో నాకు తెలియడం లేదు. మాట్లాడని మిషన్లు ఆ రోజు షాపులో బోలెడున్నాయి. నేను వాటిని వదిలి దీన్ని కొన్నాను. ఎందుకు కొన్నానో అమ్మినాయనకు తెలుసు, ఆయనే నా చేత నొక్కించి వినిపించాడు. అమ్మేటప్పుడు అసలు, తీసేసేటప్పుడు అదనమా అండీ?"

మిషను ఆన్ చేసి చూపించమన్నారు అధ్యక్షురాలు.

"కవరు తీయరా?" అని అడిగారు.

వెనక వరసలోంచి అనసూయమ్మగారు, "తీయకుండానే పనిచేస్తుందండి" అన్నారు.

స్టిక్కరు మీది మాటలు అధ్యక్షురాలు దగ్గరికి వచ్చి చదివారు. లాయరును కూడా పిలిచి చదవమన్నారు. ప్లగ్గు పెట్టాం. "నమస్కారం. రోజువారీ ఉతుకు" అంది మిషను, హాలంతా వినపడేలా. సీతామహాలక్ష్మిగారు అనుమతి అడిగి దగ్గరికి వచ్చారు. ప్లాస్టిక్ మీద చెయ్యి వేసి అంచు పట్టుకుని, జానతో కొలుచుకుని నొక్కారు. "నూలు బట్టలు. వేడి నీళ్లు." మళ్లీ నొక్కారు. "పట్టు బట్టలు. చన్నీళ్లు." ఇంకోసారి జరిగి, మొదలుపెట్టేచోట నొక్కారు. అక్కడ కుళాయి ఎక్కడిది? మిషను కాసేపు గుర్రుమని, "నీళ్లు రావడం లేదు. కుళాయి తిప్పారో లేదో చూడండి" అంది.

తలుపు దగ్గరున్న అటెండరు చటుక్కున లేచి రెండడుగులు వేశాడు. అంతే, హాలు హాలంతా నవ్వింది. అధ్యక్షురాలూ నవ్వారు, కంపెనీ లాయరూ నవ్వాడు. సీతామహాలక్ష్మిగారు నవ్వలేదు. మూత మీద చెయ్యి అలాగే ఉంచి, "ఇదేనండి నేను కొన్నది" అన్నారు.

తీర్పు తర్వాత

తీర్పు ఆవిడ పక్షాన వచ్చింది. అమ్మిన వస్తువులోంచి కొన్నవాళ్లకు చెప్పకుండా సౌకర్యం తీసేయడం అనుచిత వ్యాపార పద్ధతి అన్నారు. మెకానిక్ నొక్కిన బటన్ కొన్నవాళ్ల అంగీకారం కాదన్నారు. మాట తిరిగి పెట్టాలన్నారు. చీరకు పరిహారం కూడా వేశారు, ఎంతన్నది ఇక్కడ అవసరం లేదు. అప్పీలుకు వెళతామని కంపెనీవాళ్లు అన్నారు గానీ వెళ్లలేదు. ఒక్క మిషనుకు పెట్టడమూ అన్నిటికీ పెట్టడమూ వాళ్లకు ఒకటే పని, అందుకని ఆ మోడలు కొన్న అందరికీ మాట తిరిగి వచ్చింది. అడవులదీవి నుంచి ఒకాయన ఫోన్ చేసి, "మా మిషను మళ్లీ మాట్లాడుతోందండీ, ఏమైనా చెడిందేమో చూస్తారా?" అని అడిగాడు. చెడలేదు, బాగైందని చెప్పాను. ఆ రోజంతా అదే పనిగా నవ్వుకున్నాను.

బోర్డు పోయింది. ఆ చోట మా ఆవిడ సన్నజాజి తీగ పాకించింది. బోర్డు లేని షాపుకే జనం ఇంకా ఎక్కువ వచ్చారు, రిటైరయ్యేదాకా చేతినిండా పనే.

ఒకరోజు శ్రీధర్ ఫోన్ చేశాడు. బాపట్లలో ఆవిడ మిషనుకు సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి కంపెనీ మనిషి వెళితే, ఆవిడ తలుపు తీసి, "ప్రసాద్‌గారు తీశారు, ప్రసాద్‌గారే పెట్టాలి" అన్నారట. ఆ ఒక్క ఫిర్యాదుకు నా పేరు యాప్‌లో మళ్లీ ఎక్కించాడు.

వెళ్లాను. ఈసారి అద్దం మీద వచ్చిన షరతులన్నీ తెలుగులోకి మార్చి, కూర్చోబెట్టి చదివి వినిపించాను. చాలా సేపు పట్టింది. ఆవిడ మధ్యలో మూడుచోట్ల ఆపి మళ్లీ చదివించుకున్నారు. బటన్ ఆవిడే నొక్కారు. మిషను నమస్కారం పెట్టింది. ఆవిడ తిరిగి నమస్కారం పెట్టారు, చేతులు జోడించి.

ఫోన్ మోగింది. కోడ్. నా చెయ్యి అలవాటుగా లేవబోయింది. దాన్ని రెండో చేత్తో పట్టుకుని ఒళ్లో పెట్టుకున్నాను. ఆవిడ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని విన్నారు, పక్కన పెట్టారు.

"ఇప్పుడే చెప్పనండీ. నూలు, పట్టు, దుప్పట్లు అన్నీ ఒక్కోసారి వేసి చూడాలి. సంతృప్తి అయ్యాక చెబుతాను. మజ్జిగ తాగండి."

ఎనిమిది రోజులు పట్టింది. ఎనిమిది రోజులూ శ్రీధర్ ఫోన్. "కోడ్ వచ్చిందా అండీ? ఈ ఒక్క ఫిర్యాదే మూసుకోలేదు, పైవాళ్లు అడుగుతున్నారు" అని. "ఇంకా లేదండీ, ఆవిడ ఉతుక్కుంటున్నారు" అని నేను. అంత హాయిగా ఆ కంపెనీకి నేనెప్పుడూ జవాబు చెప్పలేదు.

తొమ్మిదో రోజు ఉదయం సీతామహాలక్ష్మిగారు ఫోన్ చేశారు. వెనకాల మిషను తిరుగుతున్న చప్పుడు, మధ్యలో దాని మాట వినిపిస్తోంది.

"రాసుకోండి" అన్నారు. ఒక్కో అంకె విడివిడిగా, ఎక్స్ఛేంజిలో ట్రంకు కాల్ నంబరు చెప్పినట్టు చెప్పారు.

యాప్‌లో కొట్టేముందు పొడుగు పుస్తకం తీశాను. "మాట: తెలుగు, బాగుంది" అని రాసి, పక్కన ఆవిడ చెప్పిన నాలుగంకెలూ రాసుకున్నాను.